మూడు చోట్ల ఉండే తుపాకి

మా ఇంట్లో తుపాకి ఉండేదని ఇప్పుడు హైదరాబాదులో ఎవరికైనా చెబితే, వాళ్లకు వెంటనే దొరలు, గడీలు గుర్తుకు వస్తాయి. మాది గడీ కాదు. దేవరకొండ తాలూకాలో, డిండి దాటి నల్లమల గట్లు మొదలయ్యే వైపున, ఆముదాలూ పల్లికాయా జొన్నా పండించుకొని బతికే మామూలు వ్యవసాయపు ఇల్లు. ఆ వైపు చేలకు తుపాకి అవసరం మనుషుల వల్ల కాదు, అడవిపందుల వల్ల వచ్చింది. పల్లికాయ ఊడలు దిగి గింజ పట్టే వేళకు పందుల మంద ఒక్క రాత్రి దిగిందంటే, తెల్లవారేసరికి చెలక అంతా నాగలి పెట్టి తిరగేసినట్టు ఉండేది. మంచె మీద కూర్చొని డబ్బాలు కొట్టేవారు, ఒడిసెలతో రాళ్లు విసిరేవారు, చేను చుట్టూ మంటలు పెట్టేవారు. పందులు కొన్నాళ్లు జంకి, ఆ తర్వాత ఆ చప్పుళ్లన్నిటికీ అలవాటు పడిపోయేవి.

మా ముత్తాత నిజాం కాలంలో పోలీసు పటేల్, అంటే ఊరి శాంతిభద్రతలు చూసే గ్రామాధికారి. ఆయన దగ్గర ఒక బర్మార్, అంటే మందూ గుండ్లూ మూతి నుంచి దట్టించే నాటు తుపాకి ఉండేదట. 1946 నుంచి 1951 దాకా కమ్యూనిస్టుల తెలంగాణ సాయుధ పోరాటం సాగిన రోజుల్లో నల్లగొండ జిల్లాలో పటేళ్ల ఇళ్లలోనూ దేశ్‌ముఖుల ఇళ్లలోనూ ఉన్న ఆయుధాలను దళాలు పట్టుకుపోయేవి. మా ముత్తాత బర్మార్ కూడా అట్లాగే ఒక రాత్రి పోయింది. తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో తుపాకి లేదు. కొత్త ఆయుధాల చట్టం 1959లో వచ్చి, 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన తర్వాత, మా తాత ఆ చట్టం కింద లైసెన్సు తీసుకొని 12 బోరు జంట నాళాల తుపాకి కొన్నాడు. ఊళ్లో అందరూ దాన్ని దోనాలి అనేవారు. పటేల్‌గిరీలు 1980ల నడుమ రద్దయ్యాయి గానీ, మా తాతను "పటేలా" అని పిలవడం మాత్రం ఆయన పోయేదాకా ఎవరూ మానలేదు.

లైసెన్సు ఒక చిన్న పుస్తకం. అందులో తాత ఫొటో, తుపాకి నంబరు, ఒకసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చు, ఏడాది మొత్తం మీద ఎన్ని కొనవచ్చు అనే లెక్క, హైదరాబాదులోని ఆయుధాల దుకాణంవాడు తూటాలు అమ్మినప్పుడల్లా వేసే ముద్ర ఉండేవి. మూడేళ్లకోసారి రెన్యువల్ కోసం తాత ఇస్త్రీ ధోవతి కట్టుకొని నల్లగొండ కలెక్టరాఫీసుకు పోయేవాడు. ప్రభుత్వం రాయమన్న లెక్క అంతవరకే. తాత మాత్రం దానికి తోడు తనది ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. కాల్చిన తేదీ, ఎన్ని తూటాలు కాల్చాడు, ఎందుకు కాల్చాడు అన్నది అందులో రాసేవాడు. "బెదిరించుటకు, గాలిలో, ఒకటి" అన్న వరుస దాదాపు ప్రతి పేజీలోనూ కనిపించేది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చిన తర్వాత, చేను తిన్న పందినైనా సరే అనుమతి లేకుండా చంపడం నేరమయింది కాబట్టి, ఆయన తుపాకి చప్పుడు చేయడానికే ఎక్కువగా పనికివచ్చింది.

తుపాకి ఇంట్లో ఉన్నట్టు మాకందరికీ తెలుసు, ఊరికి తెలుసు. అయితే తుపాకి రూపంలో అది మా ఇంట్లో ఎక్కడా ఉండేది కాదు. పెద్దిళ్లలో గోడ మీద మేకులకు అడ్డంగా వేలాడదీసి, పక్కన పూర్వీకుల ఫొటో పెట్టే అలవాటు ఆ రోజుల్లో ఉండేది. తాతకు అది ససేమిరా గిట్టదు. జంట నాళాల తుపాకిని విప్పడం చాలా తేలిక. నాళాల కింద ఉండే ముందు చెక్కను పట్టుకొని కిందికి లాగితే అది ఊడి వస్తుంది. పైన ఉన్న మీటను బొటనవేలితో పక్కకు జరిపితే నాళాలు ముందుకు వంగుతాయి. వంగిన నాళాలను కొంచెం ఎత్తితే కీలు నుంచి విడిపోతాయి. ఒక్క పనిముట్టు అవసరం లేకుండా తుపాకి మూడు ముక్కలవుతుంది, ఆ మూడింటిలో ఏ ఒక్కటీ తుపాకి కాదు. నాళాలను నూనె పట్టిన పాత ధోవతి గుడ్డలో చుట్టి, అర్రలోని పొడుగాటి టేకు సందుగలో పెట్టి తాళం వేసేవాడు. భుజానికి ఆనించే కుందా, ముందు చెక్కా కలిపి ముత్తాత నాటి ఇనుప బీరువాలో ఉండేవి. తూటాలు ఇంకో గదిలో, నానమ్మ బంగారమూ భూముల కాగితాలూ దాచుకునే గూట్లో, మూత బిగువుగా ఉన్న రేకు డబ్బాలో ఉండేవి.

సందుగ తాళమూ బీరువా తాళమూ తాత మొలతాడుకు ఉండేవి, తూటాల గూటి తాళం నానమ్మ కొంగున ఉండేది. ఈ ఏర్పాటు తాతే చేసుకున్నాడు. రాత్రిపూట పందులు పడ్డాయని పాలేరు వచ్చి కేక వేస్తే, తాత నానమ్మను లేపాలి, నానమ్మ గూడు తెరిచి ఎన్ని తూటాలు అడిగితే అన్ని మాత్రమే లెక్కపెట్టి ఇవ్వాలి, తాత ముక్కలు తెచ్చి వాకిట్లో లాంతరు వెలుతురులో బిగించాలి. చుట్టుపక్కల వాళ్లు దీన్ని చూసి ఎగతాళి చేసేవారు. "నీ తుపాకి తయారయ్యేసరికి పంది తిని, పండుకొని, లేచి పోతది పటేలా" అని మా పక్కింటాయన అనేవాడు. తాత నవ్వి, "పోతే పల్లికాయ పోతది గదా" అనేవాడు.

తూటాలను విడిగా దాచడానికి పిల్లల భయంతో పాటు మరో కారణం కూడా ఉంది. అప్పట్లో తూటా పైతొడుగు చాలావాటికి కాగితంతో చేసి ఉండేది, అడుగున ఇత్తడి బిళ్ల ఉండేది. ముసురు పట్టిన వానాకాలంలో కాగితానికి చెమ్మ తగిలితే అది ఉబ్బి నాళంలో దూరదు, దూరినా బయటికి రాదు. లోపల ఇరుక్కున్న తూటాను పుల్లతో పొడిచి తీసే ప్రయత్నంలో చేతులు పోగొట్టుకున్నవాళ్ల కథలు తాతకు చాలా తెలుసు. అట్లాగే నాళాలను తోలు సంచిలో ఎన్నడూ నిలవ ఉంచేవాడు కాదు. తోలు చెమ్మను పీల్చి పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పు లోపలి నుంచి మొదలవుతుందని, తోలు సంచి మోసుకుపోవడానికే గానీ దాచడానికి కాదని చెప్పేవాడు. చూడటానికి దర్జాగా ఉండే ఆ సంచి మా ఇంట్లో ఏడాదంతా ఖాళీగా చిలక్కొయ్యకు వేలాడేది, మేము దాన్ని తుపాకి అనుకొని చూడవచ్చిన పిల్లలకు గొప్పగా చూపించేవాళ్లం.

పిల్లలకు తుపాకి కనబడేది దసరా నాడే. ఆ రోజు పొద్దున్నే నాగలి, గొడ్డలి, కొడవళ్లు, మోటారు స్టార్టరు, నాయిన సైకిలు అన్నీ కడిగి పసుపు కుంకుమలు పెట్టేవారు. వాటి పక్కన చాప మీద తుపాకి మూడు ముక్కలూ విడివిడిగా పరిచి ఉండేవి. పూజ అయిన తర్వాత, జమ్మికి పోయే ముందు, బడికి పోయే వయసు వచ్చిన మనుమలనూ మనుమరాళ్లనూ తాత చాప ముందు కూర్చోబెట్టేవాడు. ఆడపిల్లలను పక్కకు పొమ్మనలేదు. తుపాకి ఉన్న ఇంట్లో ఆడపిల్లలు కూడా తిరుగుతారు గదా అనేవాడు. బడి వయసు రానివాళ్లకు ఏమీ చెప్పేవాడు కాదు, వాళ్లకు చెప్పి ఏమీ లాభం లేదని, వాళ్ల విషయంలో తాళం ఒక్కటే పని చేస్తుందని ఆయన లెక్క.

ఆయన పాఠం చేతితోనే మొదలయ్యేది. తుపాకిని బిగించి, నాళాలు వంచి, వెనక నుంచి రెండు రంధ్రాల్లోకి ఒక్కొక్కరిని చూడమనేవాడు. ఖాళీ నాళంలోంచి చూస్తే చివర ఆకాశం గుండ్రంగా కనిపిస్తుంది, లోపలి ఇనుము అద్దంలాగా మెరుస్తుంది. చూసిన తర్వాత చూపుడువేలు పెట్టి తడమమనేవాడు. కళ్లతో చూసింది చాలదా అని నేను ఒకసారి అడిగితే, "రాత్రిపూట కండ్లు ఏం పని జేస్తయి బిడ్డా, ఏలే చూడాలె" అన్నాడు. చేతికి తుపాకి అందిన ప్రతి మనిషీ, ఇచ్చినవాడు తన ముందే చూసి ఇచ్చినా, మళ్లీ తాను తెరిచి చూసుకోవాలి. తాత నాయినకు ఇస్తే నాయిన తెరిచి చూసేవాడు, నాయిన తిరిగి ఇస్తే తాత తెరిచి చూసేవాడు. ఒకరినొకరు నమ్మకపోవడం అమర్యాద అనిపించే మా ఊళ్లో, తండ్రీ కొడుకులు మా కళ్లెదుట అట్లా చేయడం మాకు పాఠం కన్నా ఎక్కువగా ఎక్కింది.

తర్వాత నాళం ఎటు చూస్తున్నదీ, వేలు ఎక్కడున్నదీ అనే రెండు సంగతులు. నాళం నేల వైపో ఆకాశం వైపో ఉండాలి గానీ మనిషి వైపు, పశువు వైపు, ఇంటి వైపు తిరగకూడదు. వేలు ట్రిగ్గర్ కవచానికి బయట, కర్ర మీద తిన్నగా ఆని ఉండాలి. పిల్లల చేతికి ఖాళీ తుపాకి ఇచ్చి, చాప చుట్టూ నడవమని, నడుస్తుండగా వెనక నుంచి పేరు పెట్టి పిలిచేవాడు. పిలుపుకు వెనక్కి తిరిగేటప్పుడు తుపాకి కూడా మనతో తిరుగుతుంది, అది మనిషికి సహజం. అట్లా తిప్పినవాడి చేతిలోంచి తుపాకి తీసుకొని, "ఇగ మల్ల దసరకు" అని పక్కన కూర్చోబెట్టేవాడు. తిట్టలేదు, కొట్టలేదు, ఏడాది ఆగడం కన్నా పెద్ద శిక్ష ఆ వయసులో మాకు తెలియదు.

సేఫ్టీ మీట గురించి ఆయనకు ఉన్నంత అపనమ్మకం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. చాలా జంట నాళాల తుపాకుల్లో ఆ మీట ట్రిగ్గర్లను మాత్రమే బిగబడుతుంది, లోపల ఎక్కుపెట్టి ఉన్న సుత్తులను పట్టుకోదు. గట్టిగా కిందపడితే సేఫ్టీ వేసి ఉన్నా పేలే అవకాశం ఉంటుంది. మా తుపాకి సుత్తులు బయటికి కనబడని రకం కాబట్టి ఎక్కుపెట్టి ఉందో లేదో చూసి చెప్పడం కూడా కుదరదు. అందుకే గట్టు ఎక్కేటప్పుడు, కంచె దాటేటప్పుడు, వాగు దిగేటప్పుడు తూటాలు తీసి జేబులో వేసుకొని, నాళాలు వంచి మోచేతి మీద వేసుకొని నడిచేవాడు. నాళాలు వంచి ఉన్న తుపాకి దూరం నుంచి చూసినా ఖాళీ అని తెలుస్తుంది, ఎదురువచ్చే మనిషికి నిబ్బరంగా ఉంటుంది.

ఒక దసరాకు తాత బావి దగ్గరి ఎత్తైన మట్టికట్టకు పాత తలుపు చెక్క ఒకటి నిలబెట్టించి, మమ్మల్ని బాగా వెనక చింతచెట్టు కింద నిలబెట్టి, చెవులు మూసుకోమని దాని మీద ఒక పెద్దగుండ్ల తూటా కాల్చాడు. తర్వాత మమ్మల్ని దగ్గరికి తీసుకుపోయాడు. చెక్కకు ముందువైపు వేలు పట్టేంత బెజ్జాలు నున్నగా ఉన్నాయి. వెనకవైపు చూస్తే అవే బెజ్జాలు పిడికెడంత విచ్చిపోయి, పేళ్లు లేచి, కట్టలోకి గుండ్లు దిగిన చోట మట్టి రాలుతున్నది. తలుపు చాటున దాక్కుంటే తగలదని మేము దొంగాటల్లో అనుకొనేవాళ్లం. ఆ రోజుతో ఆ మాట పోయింది. ఈ తుపాకితో గురి కుదిరేది నలభై గజాల లోపే గానీ పెద్ద గుండ్లు కొన్ని వందల గజాలు పోతాయని, అందుకే పంది కనబడినప్పుడు చూడవలసింది పందిని కాదు, దాని వెనక ఎవరి మంచె ఉన్నదో అదని చెప్పాడు. ఆ చెక్కను చాలా ఏళ్లు కోళ్ల గూటికి తలుపుగా వాడాం, బెజ్జాల్లోంచి పిల్లలం వేళ్లు పెట్టి కోళ్లను గెలికేవాళ్లం.

దీపావళికి బజారులో అమ్మే రీలు తుపాకులతో మాకు పెద్ద చిక్కు వచ్చేది. తాత వాటిని కొననివ్వకపోవడం లేదు గానీ, మనిషి వైపు గురిపెట్టి పేల్చనిచ్చేవాడు కాదు. దొంగా పోలీసూ ఆటలో దొంగ వైపు గురిపెట్టకుండా పోలీసు ఎట్లా ఆడతాడు? ఇందులో తాత అతి చేశాడనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బొమ్మకూ అసలుకూ తేడా పిల్లలకు తెలుస్తుంది. కానీ మా చిన్నాయిన వేరేగా వాదిస్తాడు. చేతికి అలవాటు పడింది చేతికే ఉంటుంది, బుద్ధి తర్వాత వస్తుంది అంటాడు.

పాఠాల్లో అన్నిటికన్నా పనికివచ్చింది మా తుపాకికి సంబంధించినది కాదు, పరాయి ఇళ్లలో కనబడే తుపాకికి సంబంధించినది. "ముట్టొద్దు, ఆడ ఉండొద్దు, ఉన్నోళ్లను బయటికి తోలుకొని వచ్చి పెద్దోళ్లకు చెప్పాలె" అని తాత మాతో వల్లె వేయించేవాడు. పక్క ఊళ్లో ఒక పెళ్లికి పోయినప్పుడు అది అక్కరకు వచ్చింది. పెళ్లివారి ఇంట్లో ధాన్యం బస్తాలు పేర్చిన గదిలో, గోడకు మేకుల మీద దోనాలి వేలాడుతున్నది. మాకన్నా పెద్దవాడైన ఆ ఇంటి పిల్లవాడు బస్తాలెక్కి దాన్ని అందుకొని చూపిస్తానన్నాడు. మా పెద్దక్క వాడితో వాదన పెట్టుకోలేదు, ముట్టవద్దని అరవలేదు. లడ్డూలు పంచుతున్నారని అబద్ధమాడి గదిలోని పిల్లలందరినీ పందిట్లోకి తోలుకుపోయి, తిన్నగా తాత దగ్గరికి వెళ్లి చెప్పింది. తాత ఆ ఇంటాయనను పక్కకు పిలిచి అడిగితే, "మా పిల్లలు ముట్టరు పటేలా, చెప్పి పెట్టిన, అయినా అది ఖాళీదే" అన్నాడు. అంటూనే ఆయనే పోయి, దించి, వంచి చూశాడు. కుడి నాళంలో తూటా ఉన్నది. కొన్నాళ్ల కిందట పందుల కోసం చేనుకు పోయి, కాల్చే పని పడక, తెల్లవారుజామున నిద్రమత్తులో వచ్చి అట్లాగే మేకుకు తగిలించాడన్నమాట. ఆయన చెడ్డవాడు కాదు, అజాగ్రత్త మనిషి కూడా కాదు, అలసిపోయిన మనిషి. ఆ తర్వాత తాత తన పద్ధతిని ఇంకొంత బిగించాడు. తూటాలు తీయడం ఇంట్లో కాదు, చేను గట్టు మీదనే కావాలి. వాకిట్లోకి వచ్చాక మళ్లీ ఒకసారి చూడాలి. నానమ్మ మిగిలిన తూటాలనూ కాలిన డొల్లలనూ లెక్కచూసి పుచ్చుకున్న తర్వాతే కాళ్లకు నీళ్లు.

మా వైపు అప్పటికి ఇంకా ఒకటీ అరా బర్మార్లు ఉండేవి. పంట కాపలాకని వాటికి విడిగా లైసెన్సులు ఇచ్చేవారు. వాటితో ఉన్న తంటా ఏమిటంటే, వెనక నుంచి తెరిచి చూసే వీలు లేదు. మందూ గుండ్లూ మూతి నుంచే పోసి గజంతో, అంటే పొడుగాటి కడ్డీతో దట్టించాలి. పైన టోపీ, అంటే మందును అంటించే చిన్న రేకు మూత లేకపోతే అది ఖాళీ అని చాలామంది నమ్మేవారు, లోపల మందు మాత్రం నెలల తరబడి అట్లాగే కూర్చొని ఉండేది. మా జీతగాడి దగ్గరున్న బర్మార్‌కు తాత ఒక ఉపాయం చేశాడు. తుపాకి పూర్తిగా ఖాళీగా ఉన్నప్పుడు గజాన్ని అడుగుదాకా దింపి, మూతి దగ్గర దానికి కత్తితో ఒక గాటు పెట్టించాడు. ఎప్పుడు అనుమానం వచ్చినా గజం దింపి చూడటమే. గాటు మూతికి పైన ఆగిందంటే లోపల ఏదో ఉన్నట్టు. ఆ గాటును మా చేత కూడా తడిమించాడు. ఇప్పుడు బర్మార్లు దాదాపు పోయాయి. వాటి స్థానంలో పందుల కోసం చేలకు కరెంటు తీగలు పెట్టేవాళ్లు, పిండిలో నాటు బాంబులు పెట్టి వదిలేవాళ్లు వచ్చారు. లైసెన్సూ లేదు, తాళమూ లేదు, తెరిచి చూసుకునే వీలూ లేదు. మేత కోసం మూతి పెట్టిన పశువుకూ, ఏదో దొరికిందని చేతికి తీసుకునే పిల్లవాడికీ ఒకటే గతి.

ఇంటి తుపాకి విషయంలో చిన్నపిల్లల గురించే అందరూ మాట్లాడతారు. తాత భయం మాత్రం పదహారు, పద్దెనిమిదేళ్ల వాళ్ల గురించే ఎక్కువగా ఉండేదని నాకు పెద్దయ్యాక అర్థమయింది. మా చిన్నాయిన ఇంటర్ తప్పిన ఏడు ఇంట్లో పెద్ద రభస జరిగింది. నాయిన నాలుగు మాటలన్నాడు, చిన్నాయిన అన్నం మానేసి మాట్లాడటం మానేశాడు. ఆ మరునాడే తాత నాళాలూ కుందా గోనెసంచిలో చుట్టుకొని, లైసెన్సు జేబులో పెట్టుకొని, దేవరకొండ బస్సెక్కి హైదరాబాదు పోయాడు. స్ప్రింగు వదులయింది, దుకాణంలో రిపేరుకు ఇచ్చి వస్తానన్నాడు. ఆ రిపేరు ఎండాకాలమంతా సాగింది. చిన్నాయిన సప్లిమెంటరీ పాసై కాలేజీలో చేరిన తర్వాత గానీ తుపాకి ఇంటికి రాలేదు. ఆ మధ్యలో పందులు పడినా తాత పట్టించుకోలేదు. దుకాణంవాడి దగ్గర లైసెన్సున్న తుపాకిని భద్రంగా అట్టేపెట్టే ఏర్పాటు ఉంటుందని, స్ప్రింగుకు ఏ రోగమూ రాలేదని చాలా ఏళ్ల తర్వాత నాయిన నాతో అన్నాడు. చిన్నాయినకు ఈ సంగతి తెలుసో లేదో నేను అడగలేదు.

అన్నల (నక్సలైట్ల) రోజులు వచ్చాక మా వైపు లైసెన్సు తుపాకులకు గడ్డుకాలం వచ్చింది. దళాలు వచ్చి అడిగి తీసుకుపోతాయన్న అనుమానంతో పోలీసులు వాటిని స్టేషనులో జమ చేయమన్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా జమ చేయడం ఎట్లాగూ ఉండేది. జమ చేసే ముందు తాత నాళాలను గజమూ గుడ్డా పెట్టి తుడిచి, నూనె రాసి, మెరిసేట్టు చేసి ఇచ్చేవాడు. తిరిగి వచ్చేటప్పుడు వాటి మీద ఎర్రటి తుప్పు పొర ఉండేది. తాత ఆ తుప్పు తుడుస్తూ గొణుక్కొనేవాడు గానీ, ఇంట్లో ఆడవాళ్లు మాత్రం తుపాకి స్టేషనులో ఉన్నన్ని రోజులూ హాయిగా నిద్రపోయేవారు. నాకు చూడగా వాళ్లదే సబబు అనిపిస్తుంది. అవసరం తీరిన తుపాకి ఇంట్లో ఉండటం వల్ల కలిగే లాభం కన్నా దానికి కాపలా కాయడమే పెద్ద పని.

ఇప్పుడు నా బిడ్డ హైదరాబాదులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నది. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కాంస్యం గెలిచాడు. .177 క్యాలిబరు, అంటే 4.5 మిల్లీమీటర్ల గుండు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. లైసెన్సు లేకపోయినంత మాత్రాన అది ఆటబొమ్మ కాదు, దగ్గరి నుంచి కంటికి తగిలితే కన్ను పోతుంది. మొదటిరోజు శిక్షకుడు చెప్పినవి కూర్చొని విన్నాను. రైఫిల్ మూతి ఎప్పుడూ లక్ష్యాల వైపే ఉండాలి, గురిచూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, కాల్చనప్పుడు నాళం పొడుగునా రంగుతీగ దూర్చి రెండు చివరలా బయటికి కనబడేట్టు ఉంచాలి, ఎవరైనా గీత దాటి ముందుకు పోతే రైఫిల్‌ను ఎవరూ ముట్టకూడదు. ఆ రంగుతీగ తాతకు చాలా నచ్చేదనుకుంటాను; ఖాళీ అని నోటితో చెప్పే అవసరం లేకుండా అవతలివాడికి కళ్లకు కనిపిస్తుంది. రైఫిల్ పెట్టె తాళంచెవి నా దగ్గర, గుండ్ల డబ్బా వాళ్లమ్మ దగ్గర ఉంటాయి. ఎయిర్ రైఫిల్‌కు ఇంత రాద్ధాంతం అవసరమా అని నా బిడ్డ అడుగుతూనే ఉంటుంది, వాళ్లమ్మ వినిపించుకోదు.

తాత పోయిన తర్వాత తుపాకి సంగతి తేల్చవలసి వచ్చింది. లైసెన్సు మనిషి పేరున ఉంటుంది గానీ ఇంటి పేరున ఉండదు. ఆ మనిషి పోతే వారసులు ఆయుధాన్ని జమ చేసి, కావాలనుకుంటే తమ పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పటికి చేనులో పల్లికాయ వేయడం మానేశాం, బత్తాయి తోట పెట్టాం. నాయిన దరఖాస్తు పెట్టనన్నాడు. కర్మకాండలు అయిన వారానికి నాళాలు ఒక సంచిలో, కుందా ఒక సంచిలో పెట్టుకొని, లైసెన్సు పుస్తకమూ తాత నోటుబుక్కూ తీసుకొని నాయినా నేనూ స్టేషనుకు పోయాం. తూటాల కోసం నానమ్మను అడిగితే, ఆమె గూడు తెరిచి డబ్బాను మా ముందు చాప మీద బోర్లించి, నాయిన చేత లెక్కపెట్టించి, తాను మళ్లీ లెక్కపెట్టింది. స్టేషనులో రైటరు లైసెన్సులో కొన్నవాటి ముద్రలన్నీ కూడి, నోటుబుక్కులో కాల్చినవాటిని తీసివేసి, డబ్బాలోవి లెక్కచూసుకున్నాడు. రెండు లెక్కలూ సరిపోయాయి. అట్లా సరిపోవడం తన సర్వీసులో చూడలేదని ఆయన ఆ నోటుబుక్కును పక్క బల్ల మీద హెడ్ కానిస్టేబులుకు కూడా చూపించాడు.

సాయంత్రం ఇంటికి వచ్చాక నానమ్మ రసీదు చదివి వినిపించమన్నది. చదివాను. 12 బోరు జంట నాళాల తుపాకి ఒకటి, నంబరు, తేదీ, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. తూటాల మాట అందులో లేదు. నానమ్మ రసీదును మడిచి నాయిన చేతికి తిరిగి ఇచ్చి, రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోయి తూటాల లెక్క కూడా రాయించుకొని రమ్మన్నది.